చారెడు ఎండ, చెంచాడు నూనె

"గోదావరి జిల్లాలో పుట్టి, ఆ ఎండల్లోనే పెరిగి, ఆ ఎండల్లోనే జుట్టు నెరిసినదాన్ని. నాకు ఎండ తక్కువైందంటాడేమిటే ఆ డాక్టరు?"

మా అమ్మ ఈ మాట అన్నప్పుడు ఆవిడ కుడిచెయ్యి పిండికట్టుతో మెడనుంచి వేలాడుతోంది. ఆస్పత్రినుంచి ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒక్క మాటా మాట్లాడలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది. నేను ఫక్కున నవ్వాను. కాసేపయ్యాక ఎందుకో ఆ నవ్వు నాకే ముల్లులా గుచ్చుకుంది.

జరిగింది చిన్న సంగతే. స్నానాలగది గుమ్మం దగ్గర తడిమీద కాలు జారింది. పడబోతూ చెయ్యి నేలకి ఆన్చింది. అంతే, మణికట్టు పుటుక్కుమంది. "ఇదే పాతికేళ్ళ పిల్ల పడివుంటే కాస్త వాచి వూరుకునేది. ఈవిడ ఎముకలు గుల్లబారి వున్నాయి" అన్నాడు డాక్టరు. రక్తపరీక్ష చేయించి, విటమిన్ 'డి' మరీ అడుగంటిందనీ, ఎండ తగలక అలా అవుతుందనీ చెప్పాడు. వారానికొక పొట్లం చొప్పున పాలలో కలుపుకు తాగమని రాసిచ్చాడు.

నేను బి.ఏ. హిస్టరీ చదివినదాన్ని. నాకు తెలిసిన శాస్త్రం వంటింటి గడప దాటదు. అయినా అమ్మ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. మే నెలలో నెత్తిమీద పెనం బోర్లించినట్టుండే మన దేశంలో ఎండ తక్కువవడమేమిటి? అసలు ఎండకీ ఎముకకీ ఏం చుట్టరికం? అమ్మ చెయ్యి అతుక్కునేలోగా నేనూ ఏదో ఒకటి చదువుదామని కూర్చున్నాను. ఆ చదువు నన్ను వంద సంవత్సరాల వెనక్కి, వియన్నా నగరంలో పసిపిల్లల వార్డులోకి తీసుకుపోయింది. అక్కడ నాకు కొందరు ఆడవాళ్ళు పరిచయమయ్యారు. వాళ్ళని మీకూ పరిచయం చెయ్యాలనే ఈ నాలుగు మాటలూ.

* * *

ముందు జబ్బు సంగతి చెప్పాలి. దాని పేరు రికెట్స్. పిల్లల ఎముకలు గట్టిపడకుండా మెత్తగా వుండిపోతాయి. బిడ్డ లేచి నిలబడి నడక మొదలెట్టేసరికి ఒంటి బరువుకే కాళ్ళు విల్లులా వంగిపోతాయి. మణికట్లు లావెక్కుతాయి, నుదురు పలకలా ముందుకొస్తుంది, రొమ్ముటెముకలమీద పూసల్లా బుడిపెలు లేస్తాయి. 1645లో డేనియల్ విస్లర్ అనే ఇంగ్లీషు కుర్రాడు హాలెండులోని లైడెన్‌లో వైద్యం చదువుకుంటూ దీనిమీద ఒక పరిశోధన వ్యాసం రాశాడు. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే పెద్ద వైద్యుడు ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. యూరప్‌లో చాలాచోట్ల దీన్ని 'ఇంగ్లీషు జబ్బు' అనేవారు.

తరవాత ఫ్యాక్టరీలొచ్చాయి. గ్లాస్గో, మాంచెస్టర్ లాంటి ఊళ్ళల్లో బొగ్గుపొగ ఆకాశాన్ని కప్పేసింది. ఇరుకు సందులు, ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే ఇళ్ళు. సూర్యుడనేవాడున్నాడని పిల్లలకి కేలండర్లో చూపించాల్సిందే. వీధికి పదిమంది వంకరకాళ్ళ పిల్లలు కనబడుతుంటే జనానికి అదో వింతగా తోచడం కూడా మానేసింది.

మగపిల్లాడికి కాళ్ళు వంకరైతే నలుగురూ నవ్వుతారు, వాడు ఏడుస్తాడు, అక్కడితో సరి. ఆడపిల్ల సంగతి అలా కాదు. కాళ్ళ వంకర గౌను కింద దాగుతుంది. కటి ఎముక వంకర మాత్రం కాన్పునాడు బయటపడుతుంది. బిడ్డ బయటికొచ్చే దారే ఇరుకైపోతుంది. ఎందరు తల్లులు ఆ దారిదగ్గర ఆగిపోయారో! 1888లో గ్లాస్గోలో మర్డోక్ కామెరాన్ అనే డాక్టరు, రికెట్స్ వల్ల మరుగుజ్జుగా వుండిపోయిన ఒక గర్భిణికి కడుపుకోసి తల్లినీ బిడ్డనీ దక్కించాడు. వైద్య చరిత్రలో సిజేరియన్ ఆపరేషన్ కుదురుకున్న రోజుల్లో పేరుమోసిన కేసు అది. ఇవాళ మన ఇళ్ళల్లో మంచినీళ్ళప్రాయంగా చెప్పుకునే ఆపరేషన్ వెనకాల ఒక వంకర ఎముక కథ వుందని నాకిన్నాళ్ళూ తెలీదు.

జబ్బుకి కారణమేమిటయ్యా అంటే తలొక మాట. అంటువ్యాధి అన్నారు. వంశంలో వస్తుందన్నారు. చెడుగాలి అన్నారు. పిల్లల్ని పెంచడం తల్లులకి చేతకాకపోవడమన్నారు. ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా బిడ్డకి జబ్బుచేస్తే చప్పున చేతికి దొరికే దోషి తల్లే కదా!

ఈ సందట్లో రెండు చిట్కాలు మాత్రం ఎవరూ పట్టించుకోకుండా మూల పడివున్నాయి. ఒకటి కాడ్ చేప కాలేయంనుంచి తీసే నూనె. ఉత్తర సముద్రపు ఒడ్డున బెస్తవాళ్ళు తరతరాలుగా వాడుతున్నదే. కొందరు డాక్టర్లు ఇచ్చి చూసి గుణం కనబడిందన్నారు. రెండోది ఎండ. 1822లోనే స్నియాడెట్‌స్కీ అనే పోలండు వైద్యుడు, పట్నం పిల్లలకి ఈ జబ్బు ఎక్కువ, పల్లె పిల్లలకి తక్కువ, కాబట్టి బిడ్డని ఎండలోకి తీసుకెళ్ళండని రాశాడు. 1890లో థియోబాల్డ్ పామ్ అనే డాక్టరు, తాను జపానులో పనిచేసినన్నాళ్ళూ ఈ జబ్బు చూడలేదని గుర్తుచేసుకుని, ఎక్కడెక్కడి డాక్టర్లకో ఉత్తరాలు రాసి, ఎండ కాసేచోట రికెట్స్ వుండదని తేల్చాడు. ఆయన మాట గాలికి పోయింది. ఎండ ఊరికే వస్తుంది కదా, ఊరికే వచ్చేదాన్ని మందని ఎవరు నమ్ముతారు?

1919కి తగువు ముదిరి పాకానపడింది. ఆ ఏడు లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లల్ని ఇంట్లోనే వుంచి, ఓట్స్ జావలాంటి తిండి పెట్టి, వాటికి రికెట్స్ తెప్పించాడు. కాడ్ నూనె పడితే తగ్గిపోయింది. కాబట్టి జబ్బు తిండి లోపం వల్లేనన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బెర్లిన్‌లో కుర్ట్ హుల్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు రికెట్స్ వున్న పిల్లలకి అతినీలలోహిత కిరణాల దీపం చూపించాడు. తిండి మార్చలేదు, అయినా ఎముకలు గట్టిపడ్డాయి. ఆయన చేసిన తమాషా ఇంకోటుంది. ఒక్క చేతిమీదే దీపం వెలుగు పడనిచ్చాడు. ఎక్స్‌రే తీస్తే రెండో చెయ్యి కూడా బాగుపడుతోంది! అంటే వెలుగువల్ల ఒంట్లో ఏదో పుట్టి, నెత్తుట్లో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట.

తిండి అనేవాళ్ళొక పక్షం, వెలుగు అనేవాళ్ళొక పక్షం. అత్తగారూ కోడలూ ఒకే కూరని ఉప్పు తక్కువని ఒకరూ కారం ఎక్కువని ఒకరూ అన్నట్టుంది. ఇద్దరి మాటా నిజమే కావచ్చని ఎవరికీ తోచలేదు.

* * *

ఇక మా హేరియట్ చిక్ దగ్గరికి వద్దాం. 'మా' అన్నానా? రెండు నెలలు ఒక మనిషి గురించే చదివితే చుట్టరికం కలిసిపోతుంది మరి.

ఆవిడ 1875లో లండన్‌లో పుట్టింది. తండ్రి లేసుల వ్యాపారి, దైవభక్తి, క్రమశిక్షణ మెండుగా వున్న కుటుంబం. ఆ రోజుల్లో ఆడపిల్లకి సైన్సు చదువు చెప్పించడమే గొప్ప. చిక్ డాక్టరేటు దాకా చదివింది. 1905లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధనకి దరఖాస్తు పెట్టుకుంటే, అక్కడి మగ శాస్త్రజ్ఞులు ఇద్దరు ఆడమనిషిని మాత్రం తీసుకోవద్దని డైరెక్టరుని బతిమాలుకున్నారట. డైరెక్టరు చార్లెస్ మార్టిన్ వినలేదు. ఆయన విననందుకు ఎందరు పిల్లల కాళ్ళు తిన్నగా నిలిచాయో ఇప్పుడు లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది. ఓడిపోయిన ఆస్ట్రియా రాజధాని వియన్నా ఆకలితో అల్లాడుతోంది. పాలు లేవు, వెన్న లేదు, బొగ్గు లేదు. చలికి తాళలేక జనం చుట్టుపక్కల అడవుల్లో చెట్లు కొట్టుకుని పొయ్యిలో పెట్టుకున్నారు. 1919 శరదృతువులో చిక్ అక్కడికి వెళ్ళింది. వెంట ఎల్సీ డేలియెల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు. ఈవిడ సామాన్యురాలు కాదు. 1915లో సెర్బియాలో టైఫస్ జ్వరం ఊళ్ళని తుడిచిపెడుతుంటే వెళ్ళి పనిచేసి వచ్చినావిడ. తరవాత మార్గరెట్ హ్యూమ్, హన్నా హెండర్సన్ స్మిత్, హెలెన్ మెకే వచ్చి కలిశారు. నిన్నటిదాకా తమ దేశంతో యుద్ధం చేసిన దేశపు పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన ఆడవాళ్ళ బృందం అది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నేను కాసేపు కలం పక్కనబెట్టి కూర్చోవలసి వచ్చింది.

వియన్నాలో పిల్లల ఆస్పత్రికి పెద్ద క్లెమెన్స్ ఫాన్ పిర్కే. 'ఎలర్జీ' అని ఇవాళ మనం ముక్కు కారినప్పుడల్లా అనే మాటని 1906లో పుట్టించింది ఆయనే. ఆయన దృష్టిలో రికెట్స్ అంటువ్యాధి. వీళ్ళు వచ్చి తిండి సంగతి పరీక్షిస్తామంటే, ఫలితం వుంటుందని ఆయనకి నమ్మకం లేదు. అయినా వార్డులిచ్చాడు, నర్సులనిచ్చాడు, ఎక్స్‌రే తీసేందుకు హాన్స్ విమ్‌బర్గర్ అనే డాక్టర్ని తోడిచ్చాడు. నమ్మకం లేని పనికి కూడా చోటిచ్చిన ఆ పెద్దరికాన్ని మెచ్చుకోవాలి.

చిక్ బృందం చేసిన పని చెప్పుకుంటే చాలా చిన్నది. పసిపిల్లల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి ఆ ఆస్పత్రిలో మామూలుగా పెట్టే పాల ఆహారం. రెండో జట్టుకి మీగడ తియ్యని పాలపొడితో పాలు, వాటితో కాడ్ నూనె. వార్డూ, మంచాలూ, నర్సుల చూపూ, శుభ్రతా ఇద్దరికీ సమానమే. ప్రతి బిడ్డా తాగినదాన్ని కొలిచి రాసుకున్నారు. అప్పుడప్పుడు చిన్నిచేతులు ఎక్స్‌రే కింద పెట్టి ఎముక అంచుల్ని చూశారు. పైకి ఏమీ తెలియకముందే జబ్బు మణికట్టు దగ్గర ఎముక చివర్లో కనబడిపోతుంది.

చలికాలం వచ్చింది. కిటికీలు మూసుకున్నాయి. మామూలు తిండి జట్టులో చాలామంది పిల్లలకి ఎముక చివరలు చెదిరి, రికెట్స్ మొదలైంది. కాడ్ నూనె జట్టులో ఒక్కరికీ రాలేదు. అదే వార్డు, అదే గాలి. అంటువ్యాధే అయితే పక్క మంచానికి అంటుకోవద్దూ?

వేసవి వచ్చింది. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం మొదలైంది. అప్పుడు మామూలు తిండి జట్టులో కూడా జబ్బు మొహం చాటేసింది. మళ్ళీ శీతాకాలం, మళ్ళీ అదే కథ. ఇక వాళ్ళు జబ్బుపడ్డ పిల్లల్లో కొందరికి నూనె పట్టారు, కొందరికి తిండి మార్చకుండా దీపం వెలుగు చూపించారు, కొందరి మంచాల్ని ఆరుబయట ఎండలో వుంచారు. మూడు దారుల్లోనూ ఎముకలు గట్టిపడ్డాయి.

ఇక్కడ మీలో ఎవరైనా తల్లి మనసుతో నన్ను నిలదియ్యవచ్చు. "నూనె పట్టని పిల్లల మాటేమిటమ్మా, వాళ్ళకి జబ్బొచ్చేదాకా చూస్తూ కూర్చున్నారా?" అని. నాకూ అదే గుచ్చుకుంది. ఆ పిల్లలు తిన్నది ఆ రోజుల్లో ఆ ఆస్పత్రిలో పిల్లలందరికీ పెట్టేదే. జబ్బు ఎక్స్‌రేలో కనబడ్డ పిల్లల్ని వాళ్ళు గాలికి వదిలెయ్యలేదు, నయం చేశారు. అయినా ఆ కలుక్కుమనడం పూర్తిగా పోదు. పోకపోవడమే మంచిదేమో.

అక్కడి ముసలమ్మల గురించి కూడా చెప్పాలి. ఆకలి కాలంలో వియన్నాలో పెద్దవయసు ఆడవాళ్ళు చాలామంది నడుమునొప్పి, తొడలనొప్పి అంటూ, బాతులా పక్కకి ఒరుగుతూ నడిచేవారు. మెట్లెక్కలేరు, కుర్చీలోంచి లేవలేరు. వయసు మళ్ళింది కదా అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకునే బాధలే అవి. డేలియెల్, చిక్ వాళ్ళని కూర్చోబెట్టి వివరంగా అడిగారు. ఇది వయసు కాదు, పెద్దవాళ్ళకొచ్చే రికెట్స్ అని గుర్తించి, కాడ్ నూనె ఇచ్చి లేపి నడిపించారు. 1921లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇది చదివినప్పుడు పక్కగదిలో మా అమ్మ మంచంమీంచి లేస్తూ "అమ్మా" అనడం వినబడింది. ఆ "అమ్మా" నేను అయిదారేళ్ళుగా వింటున్నదే.

వియన్నా పరిశోధనలన్నీ 1923లో పుస్తకంగా వచ్చాయి. పిర్కే తన అభిప్రాయం తప్పని ఒప్పుకుని వాళ్ళని మెచ్చుకున్నాడు.

* * *

ఇంతకీ నూనెకీ ఎండకీ సంబంధమేమిటి? మన చర్మంలో కొవ్వుజాతికి చెందిన ఒక పదార్థం వుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి అవుతుంది. కాడ్ చేప అదే విటమిన్‌ని తన తిండినుంచి పోగుచేసి కాలేయంలో దాచుకుంటుంది. మనకి ఎండ వున్నప్పుడు సొంత వంట. లేనప్పుడు చేప ఇంట్లో అప్పు. ఉప్పు వాదం, కారం వాదం రెండూ గెలిచాయి. 1922లో అమెరికాలో మెకాలమ్ దీనికి 'డి' అని పేరుపెట్టాడు. అది పుట్టే తీరుని శోధించిన జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ విండాస్‌కి 1928లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ విటమిన్ ఎముకకి నేరుగా ఏం చేస్తుందని అమ్మ అడిగింది. నేనిలా చెప్పాను. "నీ చెయ్యి విరిగినచోట ముందు రక్తం గడ్డకట్టింది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తటి కండలాంటి అతుకు ఏర్పడింది. అది స్లాబు వెయ్యడానికి కట్టిన సెంట్రింగు లాంటిది. దానిలో సున్నం, భాస్వరం చేరి బిగుసుకుంటే అప్పుడు ఎముక. ఆ సున్నాన్ని నువ్వు తిన్న తిండిలోంచి పేగు లాక్కోవాలంటే ఈ విటమిన్ కావాలి. అది లేకపోతే లారీడు సిమెంటు గుమ్మం ముందు దిగినా లోపలికి మోసే కూలీ లేనట్టే."

భాస్వరం అన్నాను కదా, దానిమీద ఒక తోక కథ. 1921లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హౌలండ్, క్రేమర్ అనే ఇద్దరు, రికెట్స్ పిల్లల రక్తంలో భాస్వరం పడిపోతుందని కనిపెట్టారు. దాన్ని కొద్దిపాటి రక్తంలో చులాగ్గా, తప్పులేకుండా కొలవడమెలా? 1925లో హార్వర్డులో ఇద్దరు ఒక పద్ధతి కనిపెట్టారు. రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది, నీలం ఎంత చిక్కగా వుంటే భాస్వరం అంత. ప్రపంచమంతటా లేబొరేటరీలు దాన్ని దశాబ్దాలపాటు వాడుకున్నాయి. దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే.

మా అమ్మ పుట్టిల్లు భీమవరానికి కూతవేటు దూరం. ఇది విన్నాక ఆవిడ మొహం చూడాలి! "అలా చెప్పు. మనవాడు లేకుండా వాళ్ళకి పనవుతుందా" అని, ఆ రోజు పొట్లం కిక్కురుమనకుండా తాగేసింది. ఆ పొడిని ఎక్కువగా గొర్రెబొచ్చు మీది జిడ్డునుంచి తయారుచేస్తారని మాత్రం నేను మడి కట్టుకునే మనిషికి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

* * *

మరి ఎండ పుష్కలంగా వున్న మనదేశంలో ఈ జబ్బేమిటి? ఇది కూడా పాత ప్రశ్నే. 1922లో నాసిక్ ప్రాంతంలో హచిసన్, షా అనే ఇద్దరు డాక్టర్లు చూస్తే, పొలంలో తల్లివెంట తిరిగే బీదపిల్లలు తిండి చాలకపోయినా ఎముకల సంగతిలో బాగానే వున్నారు. పాలూ నెయ్యీ తింటూ ఘోషాలో వుండే కలవారి ఇళ్ళల్లో రికెట్స్ కనబడింది. 1928లో కేథ్లీన్ వాన్ అనే డాక్టరమ్మ ఘోషా పద్ధతి గురించి పుస్తకమే రాసింది. కాశ్మీరులో పడవలమీద బతికే ఆడవాళ్ళు తేలిగ్గా కనేవారనీ, పట్నంలో ఘోషాలో వుండే ఇల్లాళ్ళు ఎముకలు మెత్తబడి కాన్పుల్లో నానా యాతనా పడేవారనీ ఆవిడ గమనించింది. పరువు ఎంత ఎక్కువైతే ఎముక అంత మెత్తనన్నమాట.

ఘోషా కాలం పోయిందిలే అనుకుంటాం. 2007లో తిరుపతి డాక్టర్లు ఆ చుట్టుపక్కల జనం రక్తం పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. పొలాల్లో పనిచేసే పల్లెవాళ్ళు పట్నంవాళ్ళకంటే నయం. కానీ వాళ్ళలో కూడా చాలామందికి విటమిన్ డి చాలలేదు, తిండిలో సున్నమూ తక్కువే. ఏడుకొండలవాడి పాదాల దగ్గర ఎండకి కొదవా!

ఇక నా సంగతికి వస్తాను. నాన్న పోయాక, ఆరేళ్ళ క్రితం అమ్మని హైదరాబాదు తీసుకొచ్చాను. మూడో అంతస్తు ఫ్లాటు. "కిందికి దిగకమ్మా, పడిపోతావు" అన్నాను. "ఎండలో నిలబడకు, కళ్ళు తిరుగుతాయి" అన్నాను. పావురాలు పాడుచేస్తున్నాయని బాల్కనీకి అద్దాలు బిగించాం. పొద్దుటే అమ్మ ఆ అద్దాల వెనక కూర్చుని ఎండ కాగుతుంటే నాకు ఎంతో తృప్తిగా వుండేది. ఎముకలకి పనికొచ్చే ఆ కిరణాలు అద్దాన్ని దాటి రావని నాకు తెలీదు. వేకువ లేత ఎండలో అవి దాదాపు వుండవనీ తెలీదు. మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళలోనే అవి నేలదాకా వస్తాయి. మనలా చామనఛాయవాళ్ళకి మరికాస్త ఎక్కువసేపు కావాలి. పైగా ముసలితనంలో చర్మానికి ఆ వంట చేసే ఓపికా తగ్గుతుంది.

మా ఊళ్ళో అమ్మ ఎప్పుడూ ఎండ కోసమని ఎండలో కూర్చోలేదు. బియ్యం ఆరబోసుకోవడానికి, ఊరగాయ ముక్కలు ఎండబెట్టుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి, పెరట్లో తలంటు జుట్టు ఆరబెట్టుకోవడానికి ఎండలోకి వెళ్ళేది. వడియాలతోపాటు ఆవిడా ఎండేది. ఇక్కడికొచ్చాక నేను అన్నీ కొట్లో కొని తెచ్చిపెట్టాను. మేడమీదికి వెళ్ళే తలుపుకి ఫ్లాట్లవాళ్ళందరం కలిసి తాళం వేయించాం, పిల్లలు ఎక్కి అల్లరి చేస్తున్నారని. ఆ తీర్మానంమీద నా సంతకం కూడా వుంది. నాసిక్ కలవారి ఇళ్ళకీ మా ఇంటికీ తేడా ఏమిటి? వాళ్ళు పరువుకని దాచారు, నేను ప్రేమతో దాచాను. ఎముకకి ఆ తేడా తెలియదు.

ఈ మాట అమ్మతో చెప్పలేక చెప్పాను. ఆవిడ బాధపడలేదు సరికదా, నామీద ఒక ప్రశ్న వేసింది. "అయితే ఇదంతా మా మామ్మకి తెలిసిందే కదే! పురిటిబిడ్డలకి నువ్వులనూనె పట్టించి, కాళ్ళమీద వేసుకుని ఎండలో నలుగు పెట్టేది. ఆ దొరసానులు అంత కష్టపడి కనిపెట్టిందేమిటి?"

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది. మామ్మకి ఏం చెయ్యాలో తెలుసు. ఎందుకు చెయ్యాలో తెలీదు. ఆ పుణ్యం నువ్వులనూనెది కాదు, ఎండది అని తెలీదు. ఆవిడ ఇల్లు అలాగే వున్నంతకాలం ఆ తెలియకపోవడం వల్ల నష్టమూ లేదు. ఇల్లు మారింది. పెరడు పోయింది, నూనెసీసా మాత్రం మిగిలింది. మేము మా పిల్లలకి నూనె రాశాం, గదిలో ఫ్యాను కింద. ఆచారంలో అసలు సంగతేదో, పై సంగతేదో తెలియనప్పుడు, ఇల్లు మారేవేళ మనం అసలుదాన్నే పారేసి పైదాన్ని మూటగట్టుకుని వస్తాం. నూనెనీ ఎండనీ విడదీసి, దేని పని ఏమిటో తూచి చెప్పినవాళ్ళు వియన్నాలోని ఆ ఆడవాళ్ళు. ఎందుకో తెలిసినవాళ్ళు మూడో అంతస్తులో కూడా దారి వెతుక్కోగలరు.

వాళ్ళ తరవాతి కథ కూడా చెప్పి ముగిస్తాను. హెలెన్ మెకే 1934లో లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఫెలో అయిన మొదటి మహిళ. డేలియెల్ 1923లో సొంతదేశం వెళ్తే, అంత పరిశోధన చేసినావిడకి పరిశోధనలో ఉద్యోగం దొరకలేదు. ప్రభుత్వ ఆరోగ్యశాఖలో చిన్న పదవితో సరిపెట్టుకుంది. చిక్ మాత్రం 1949లో 'డేమ్' బిరుదు అందుకుని, 1977లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

"పెళ్ళి చేసుకుందా?" అంది అమ్మ.

"లేదు."

"అదీ సంగతి. తీరిక దొరికింది."

ఆరు వారాలకి కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు రేగి వుంది కానీ ఎముక చక్కగా అతుక్కుంది. పొట్లాలు ఎన్నాళ్ళో డాక్టరు చెప్పాడు. అవి మనంతట మనం కొనుక్కుని ఎక్కువగా తాగితే చేటు కూడా చేస్తాయట, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫ్లాట్ల మీటింగులో నేను లేచి నిలబడి వియన్నా కథంతా చెప్పాను. సగంమంది ఆవులించారు. కానీ మేడ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర వుంచడానికి ఒప్పుకున్నారు.

నిన్న పదకొండు గంటలవేళ పైకి వెళ్ళి చూస్తే, పాత చీర పరిచి అమ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది. కుడిచేతి వేళ్ళు ఇంకా సరిగా వంగక వడియాలు కాస్త వంకరటింకరగా పడుతున్నాయి. పక్కింటావిడా, ఎదురింటి బాలింతరాలూ ఆవిడ దగ్గర చేరారు. బాలింతరాలి ఒళ్ళో బిడ్డ ఎండకి కళ్ళు చికిలించి కాళ్ళు తపతప కొడుతోంది.

"గొడుగు తెచ్చావా?" అంది అమ్మ నన్ను చూసి.

"లేదమ్మా."

"మంచిపని చేశావు. కూర్చో. నీకూ కొంచెం కావాలి."

కూర్చున్నాను.